మెల్‌బోర్న్ కప్పా, దుబాయ్ వరల్డ్ కప్పా, జపాన్ కప్పా? జీవితంలో ఒక్క పెద్ద గుర్రాల రేసు చూడాలనుకునేవాళ్ళకు

ఏటా ఆగస్టు దాటిందంటే నాకు మెసేజ్‌లు మొదలవుతాయి. "అన్నా, నవంబర్‌లో అమ్మానాన్న మెల్‌బోర్న్ వస్తున్నారు, కప్ చూపిద్దామా?" "దుబాయ్‌లో మార్చిలో ఏదో పెద్ద రేసు ఉంటుందట కదా, అదే నయమా?" పెరిగింది మలక్‌పేట రేస్ కోర్సు పక్కన, ఉంటున్నది మెల్‌బోర్న్‌లో. కాబట్టి ఈ ప్రశ్నలు నన్ను వెతుక్కుంటూ రావడంలో వింత లేదు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది, అందుకే ఒకేసారి రాసేస్తున్నా.

ముందే ఒక సంగతి తెలుసుకోండి. మెల్‌బోర్న్ కప్ మూడు నిమిషాల ఇరవై సెకన్లు, అటూ ఇటూగా. అమెరికాలోని కెంటకీ డెర్బీ, దుబాయ్ వరల్డ్ కప్ అయితే రెండు నిమిషాల పైచిలుకు. మిగతా ఏడెనిమిది గంటలు మీరు ఏదో ఒక చోట నిలబడో కూర్చునో ఉంటారు. టికెట్ డబ్బు పెట్టేది నిజానికి ఆ గంటలకే. అందుకే ఎవరైనా అడిగితే ప్రైజ్ మనీ ఎంత, ఎవరు గొప్ప అని చెప్పను. మూడే అడుగుతాను: మీతో వచ్చేదెవరు? ఎంతసేపు నిలబడగలరు? మీకు గుర్రాన్ని చూడాలనుందా, జనాన్ని చూడాలనుందా?

మూడో ప్రశ్నకు చాలామంది తడబడతారు. "రెండూ" అంటారు. రెండూ ఒకే చోట దొరకడం అరుదు.

మెల్‌బోర్న్ కప్: ఊరంతా పండగ, గుర్రం మాత్రం దూరం

నవంబర్ మొదటి మంగళవారం, ఫ్లెమింగ్టన్ రేస్ కోర్సు, 3200 మీటర్లు, గరిష్ఠంగా 24 గుర్రాలు. 1861 నుంచి నడుస్తోంది. ఆ రోజు మెల్‌బోర్న్‌కు ప్రభుత్వ సెలవు. గుర్రప్పందెం కోసం సెలవా అని మా అమ్మ మొదటిసారి విన్నప్పుడు నమ్మలేదు. 2025లో మొత్తం ప్రైజ్ మనీ కోటి ఆస్ట్రేలియన్ డాలర్లకు చేరింది. ఆ ఏడు హాఫ్ యువర్స్ అనే గుర్రం మీద జేమీ మెల్హామ్ గెలిచింది. 2015లో మిషెల్ పేన్ తర్వాత ఈ కప్ గెలిచిన రెండో మహిళా జాకీ ఆమె. పేన్ గెలిచిన గుర్రం ప్రిన్స్ ఆఫ్ పెంజాన్స్‌కు బుకీలు ఇచ్చిన ధర ఒకటికి వంద.

అలాంటి వింతలు ఈ రేసులో జరగడానికి కారణం ఇది హ్యాండికాప్ రేసు కావడం. మలక్‌పేట అలవాటున్నవాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం: గుర్రం ఎంత మంచిదైతే దాని వీపున అంత ఎక్కువ బరువు పెడతారు, అన్నీ సమానంగా పోటీ పడాలని. ఫార్ లాప్ అనే గుర్రం 1930లో 62.5 కిలోల బరువుతో గెలిచింది. మరుసటి ఏడు దాని మీద 68 కిలోలు మోపారు. ఎనిమిదో స్థానంలో వచ్చింది. మరి కొన్ని నెలలకే అది కాలిఫోర్నియాలో చచ్చిపోయింది. దాని చర్మంతో చేసిన నిలువెత్తు రూపం ఇప్పటికీ మెల్‌బోర్న్ మ్యూజియంలో ఉంది. గుండె కాన్‌బెరాలో, ఎముకల గూడు న్యూజీలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో. ఒక గుర్రాన్ని మూడు ఊళ్ళు పంచుకుని దాచుకున్నాయంటే ఇక్కడివాళ్ళకు ఈ కప్ ఏమిటో అర్థమవుతుంది. పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళు కప్ చూసినా చూడకపోయినా ఆ మ్యూజియం మాత్రం చూపించండి. చల్లగా ఉంటుంది, కూర్చోడానికి బెంచీలుంటాయి.

రేసు కోర్సులో సంగతి వేరు. 2003లో కప్ రోజున వచ్చినవాళ్ళు 1,22,736 మంది, అదే రికార్డు. ఈమధ్య అంత రావడం లేదు కానీ సాధారణ టికెట్‌తో పచ్చిక మీద నిలబడితే మీకు కనిపించేది ముందున్నవాళ్ళ టోపీలు. ఈకలు, వలలు, పళ్ళెమంత పూలు! 3200 మీటర్ల రేసు కాబట్టి గుర్రాలు స్టాండ్ ముందు నుంచి రెండుసార్లు వెళ్తాయి, అది ఈ రేసుకున్న పెద్ద సుగుణం. అయినా నేను మొదటిసారి వెళ్ళినప్పుడు రెండుసార్లూ నాకు తెలిసింది చప్పుడే. నేల దడదడమంది, ఎవరో అరిచారు, అంతే. ఎవరు గెలిచారో పెద్ద స్క్రీన్ చూసి తెలుసుకున్నా. ఉదయం ఎండ, మధ్యాహ్నం వాన, సాయంత్రం చలిగాలి. మా ఆవిడ హీల్స్ తడి పచ్చికలో దిగబడిపోతే చెప్పులు చేత్తో పట్టుకుని రైల్వే స్టేషన్ దాకా నడిచింది. దాని గురించి ఇప్పటికీ వింటూనే ఉన్నాను.

మరి వెళ్ళొద్దా? వెళ్ళండి, కానీ రోజు మార్చండి. కప్ ఒక్క రోజు తంతు కాదు. శనివారం డెర్బీ డే, మంగళవారం కప్, గురువారం ఓక్స్ డే, మళ్ళీ శనివారం ఆఖరి రోజు. ఆ ఆఖరి శనివారం 1200, 1600, 2000 మీటర్ల మూడు పెద్ద రేసులుంటాయి. జనం పలచగా ఉంటారు, పిల్లలతో వచ్చే కుటుంబాలు ఎక్కువ. రేసుకు ముందు గుర్రాల్ని నడిపించే పాడాక్‌లో వాటిని దగ్గరగా చూడొచ్చు. కప్ రోజు మాత్రం ఏ స్నేహితుల ఇంట్లోనో పెరట్లో చేరి టీవీలో చూడండి. ఈ ఊళ్ళో సగం మంది చేసేది అదే. ఆఫీసుల్లో స్వీప్ అని ఒకటి నడుస్తుంది. తలా కొన్ని డాలర్లు వేస్తారు, గుర్రాల పేర్లున్న చీటీలు టోపీలో వేసి తీయిస్తారు. గుర్రాల గురించి ఓనమాలు తెలియనివాళ్ళే గెలుస్తారు. ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారి కూడా మొదటి పదిలో వచ్చే చీటీ తగల్లేదు. ఇక్కడికి చదువుకోడానికి వచ్చిన పిల్లలకు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకు నేను చెప్పేది ఇదే: ఆ చీటీ తీయండి, ఆ మూడు నిమిషాలు ఆఫీసువాళ్ళతో కలిసి అరవండి. స్నేహాలు కలవడానికి అంతకంటే మంచి దారి లేదు.

దుబాయ్ వరల్డ్ కప్: అమ్మానాన్నలతో అయితే ఇదే

ఎక్కువగా మార్చి ఆఖరి శనివారం సాయంత్రం, దుబాయ్‌లోని మెయ్‌దాన్ రేస్ కోర్సులో. పెద్ద రేసు 2000 మీటర్లు, మట్టి ట్రాక్ మీద, ప్రైజ్ మనీ 1.2 కోట్ల అమెరికన్ డాలర్లు. 1996లో మొదలైంది, మొదటి ఏడే అమెరికా గుర్రం సిగార్ వచ్చి గెలిచి దీనికి పేరు తెచ్చిపెట్టింది.

దీని గొప్పతనం నా దృష్టిలో మూడు విషయాల్లో ఉంది. అంతా సాయంత్రం చల్లబడ్డాక జరుగుతుంది. స్టాండ్ కిలోమీటరున్నర పొడవుంటుంది, కాబట్టి కూర్చునే టికెట్ కొన్నవాళ్ళు నిజంగానే కూర్చుంటారు. మూడోది, మెయ్‌దాన్‌లో పందెం కాసే కౌంటర్లు లేవు. ఎవరు ముందొస్తారో ఊహించి రాసిచ్చే ఉచిత పోటీ ఉంటుంది, గెలిస్తే బహుమతి, ఓడితే చేతి చమురు వదలదు. "రేసులకా? ఛీ" అనే పెద్దలు మన ఇళ్ళలో చాలామంది ఉంటారు. వాళ్ళను కూడా నిశ్చింతగా తీసుకెళ్ళగల పెద్ద రేసు నాకు తెలిసి ఇదే. పైగా హైదరాబాద్ నుంచి నాలుగు గంటల ప్రయాణం.

ఒకే రాత్రి తొమ్మిది రేసులు. మొదట అరబ్బీ గుర్రాలకు ఒక రేసు ఉంటుంది, దాన్ని వదులుకోవద్దు. మిగతా రేసుల్లో పరుగెత్తే థరోబ్రెడ్ జాతి గుర్రాలు రాక ముందే చేరిపోండి. అరబ్బీ గుర్రం ముఖం కాస్త లోపలికి నొక్కినట్టు ఉంటుంది, తోక ఎత్తి పరుగెడుతుంది. థరోబ్రెడ్ పొడుగు కాళ్ళతో, బిగిసిన తొడలతో ఉంటుంది. ఒకే సాయంత్రం రెండింటినీ పక్కపక్కన చూస్తే తేడా పిల్లలకు కూడా తెలిసిపోతుంది. చివర్లో డ్రోన్లు, బాణసంచా. అది నాకు పెద్దగా పట్టదు, పిల్లలకు మాత్రం అదే గుర్తుంటుంది.

మట్టి ట్రాక్ కాబట్టి వెనకబడ్డ గుర్రాల మొహం నిండా మట్టి కొడుతుంది. రేసయ్యాక తిరిగొచ్చే జాకీల్ని చూడండి: గెలిచినవాడి బట్టలు ఇస్త్రీ చేసినట్టుంటాయి, ఆఖరివాడు పొలంలోంచి వచ్చినట్టుంటాడు. 2011లో సునామీ వచ్చిన రెండు వారాలకు జపాన్ గుర్రం విక్త్వార్ పీసా ఇక్కడ గెలిచింది. ఆ ఏడు ట్రాక్ మట్టిది కాదు, సింథటిక్. జపాన్ గుర్రాలు లోకమంతా తిరిగి గెలవడం మొదలుపెట్టిన రోజుల్లో అది పెద్ద గెలుపు.

చిక్కు ఎక్కడంటే, అంత పెద్ద స్టాండ్ కావడంతో పాడాక్ నుంచి మీ కుర్చీకి నడవడమే ఓ ప్రయాణం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఒక చోట కూర్చుని అక్కడే ఉండిపోవాలి. అయిపోయాక టాక్సీ వరసలో గంట పోయినా ఆశ్చర్యపోకండి. ఆఖరి బాణసంచా దాకా ఆగకుండా లేచినవాళ్ళే సుఖపడతారు.

ప్రైజ్ మనీ చూసి రియాద్‌లో ఫిబ్రవరిలో జరిగే సౌదీ కప్ గురించి కొందరు అడుగుతారు. రెండు కోట్ల డాలర్లు, నిజమే. 2020లోనే మొదలైంది. గుర్రాల యజమానులకు అది ముఖ్యం, మీకూ నాకూ కాదు.

జపాన్ కప్: గుర్రాన్ని చూడాలనుకునేవాళ్ళకు

ఇక్కడ నేను కాస్త పక్షపాతం చూపిస్తాను, ఏమీ అనుకోకండి.

నవంబర్ ఆఖరి ఆదివారం, టోక్యో శివార్లలోని ఫుచు, 2400 మీటర్లు, గడ్డి ట్రాక్, 1981 నుంచి. కేయో లైన్ రైలు దిగి కప్పున్న వంతెన మీద నడిస్తే నేరుగా రేసు కోర్సు లోపలే ఉంటారు. మామూలు రోజుల్లో ప్రవేశం 200 యెన్లు. మన లెక్కలో ఒక సినిమా టికెట్ కంటే తక్కువ. పెద్ద రేసు రోజున మాత్రం టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, అక్కడికెళ్ళి కొందామనుకోవద్దు.

పాడాక్ గురించి చెప్పాలి. మెట్లు మెట్లుగా కట్టిన గుండ్రటి చోటు. రేసుకు అరగంట ముందు గుర్రాలు వచ్చి చుట్టూ తిరుగుతుంటాయి, వేల మంది ఆ మెట్ల మీద కూర్చుని చూస్తుంటారు. ఎవరూ మాట్లాడరు. కెమెరా ఫ్లాష్ వేయరు, గుర్రం బెదురుతుందని. కంచెకు అభిమానులు కుట్టుకొచ్చిన బ్యానర్లు వేలాడుతుంటాయి. జాకీల పేర్లకే కాదు, గుర్రాల పేర్లకు కూడా. మలక్‌పేటలో మా నాన్న నాకు నేర్పింది ఇక్కడ నిశ్శబ్దంలో పనికొచ్చింది: తొడల మధ్య తెల్లగా సబ్బు నురగలా చెమట కడుతోందా, చెవులు ఎటు తిరిగి ఉన్నాయి, నడుస్తుంటే వెనక కాలు ముందు కాలి గుర్తును దాటి పడుతోందా. నురగ కట్టిందంటే టెన్షన్‌లో ఉందన్నమాట, సగం శక్తి ఇక్కడే ఖర్చయిపోయింది. మా నాన్న ఇదంతా చూసి కూడా ఎక్కువసార్లు ఓడేవాడనుకోండి, అది వేరే విషయం.

తర్వాత జనమంతా స్టాండ్ వైపు కదులుతారు. 2400 మీటర్ల రేసు సరిగ్గా స్టాండ్ ముందే మొదలవుతుంది. ఫాన్‌ఫేర్ బాకాలు ఊదగానే వేలాది మంది చుట్టచుట్టిన రేసు పేపర్‌తో అరచేతి మీద తాళం వేస్తారు. అప్పటిదాకా గుసగుసలాడిన జనం ఒక్కసారి గర్జిస్తారు. ఆఖరి తిన్నటి దారి 525 మీటర్ల పైనే, మధ్యలో చిన్న ఎత్తు. ముందున్న గుర్రం ఆ ఎత్తు ఎక్కేటప్పుడు అలిసిపోవడం, వెనకది బయటి వైపు నుంచి దూసుకురావడం మీ కళ్ళ ముందే జరుగుతుంది. ఏళ్ళ తరబడి ఇక్కడ జపాన్ గుర్రాలే గెలిచాయి. 2005లో అల్‌కాసెడ్ గెలిచాక మళ్ళీ ఓ విదేశీ గుర్రం గెలవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది, 2025లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన కాలందగాన్.

పిల్లలకు ట్రాక్ మధ్యలో ఆటస్థలం ఉంది. వాన లేని రోజున స్టాండ్ నుంచి ఫూజీ పర్వతం కనిపిస్తుంది, ఆ స్టాండ్ పేరే ఫూజీ వ్యూ. శాకాహారులకు తిండి కష్టం, నూడుల్స్ పులుసులో కూడా చేప ఉంటుంది. ఉదయాన్నే హోటల్లో పులిహోర కలుపుకుని డబ్బాలో పెట్టుకెళ్ళడమే ఉత్తమం. భాష రాకపోయినా పందెం చీటీ నింపొచ్చు, ఇంగ్లిష్‌లో వివరాలు దొరుకుతాయి. 20 ఏళ్ళు నిండని పిల్లల చేత మాత్రం కాయించకూడదు.

టోక్యో ఖర్చు భరించలేమనుకుంటే డిసెంబర్‌లో హాంకాంగ్‌లోని షా టిన్ రేస్ కోర్సు చూడండి. ఒకే ఆదివారం నాలుగు అంతర్జాతీయ రేసులు, మామూలు ప్రవేశం 10 హాంకాంగ్ డాలర్లు, రేసు రోజుల్లో మాత్రమే తెరిచే రైల్వే స్టేషన్. అయితే 18 ఏళ్ళ లోపు వాళ్ళను లోపలికి రానివ్వరు. పిల్లలతో వెళ్ళి గేటు దగ్గర తగాదా పెట్టుకోవద్దు.

మిగతావి, టూకీగా

కెంటకీ డెర్బీ, మే మొదటి శనివారం, లూయీవిల్‌లోని చర్చిల్ డౌన్స్. 1875 నుంచి, మూడేళ్ళ గుర్రాలకు మాత్రమే, అంటే ఏ గుర్రానికైనా జీవితంలో ఒక్కసారే అవకాశం. 1973లో సెక్రటేరియట్ అనే గుర్రం పెట్టిన 1 నిమిషం 59.4 సెకన్ల రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు చాలామంది చవగ్గా ఉందని ట్రాక్ మధ్యలోని ఇన్‌ఫీల్డ్ టికెట్ కొంటారు. అక్కడ బురద, బీరు, పాటలు ఉంటాయి, గుర్రం ఉండదు. కుర్చీ టికెట్‌కు డబ్బు లేకపోతే ముందు రోజు శుక్రవారం జరిగే కెంటకీ ఓక్స్‌కు వెళ్ళండి. అదీ చవకేమీ కాదు, కానీ డెర్బీతో పోలిస్తే నయం.

రాయల్ ఆస్కాట్, జూన్‌లో మంగళవారం నుంచి శనివారం దాకా. 1711లో రాణి ఆన్ మొదలుపెట్టిన కోర్సు. లండన్ వాటర్లూ నుంచి రైల్లో గంట లోపే. దీని గురించి మనవాళ్ళ ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "సూటూ బూటూ కొనాలా?" మగవాళ్ళకు ఎన్‌క్లోజర్‌ను, అంటే ప్రేక్షకుల విభాగాన్ని బట్టి నియమాలు మారతాయి, రాయల్ ఎన్‌క్లోజర్‌లో పొడుగు టోపీ దాకా ఉంది. ఆడవాళ్ళకు టెన్షన్ అక్కర్లేదు, ఏ దేశం వాళ్ళు ఆ దేశపు సంప్రదాయ దుస్తుల్లో రావచ్చని నియమాల్లోనే ఉంది. 2022లో గురువారం లేడీస్ డే నాడు బ్రిటన్‌లోని భారతీయ మహిళలు పెద్ద గుంపుగా చీరలు కట్టుకుని వెళ్ళారు. అన్నట్టు పచ్చికలో దిగబడే హీల్స్ బాధ చీరకట్టుకూ తప్పదు, చదును చెప్పులే మేలు. డబ్బు అసలు పెట్టలేని విద్యార్థులకు లండన్ దగ్గరే ఎప్సమ్ డెర్బీ ఉంది. జూన్ మొదట్లో, ట్రాక్ మధ్యలోని గుట్ట మీద నిలబడి ఉచితంగా చూసే ఆనవాయితీ ఉంది.

పారిస్‌లో అక్టోబర్ మొదటి ఆదివారం జరిగే ఆర్క్ ద త్రియోంఫ్ గుర్రాల నాణ్యతలో బహుశా అన్నిటికంటే పై మాటే. 2400 మీటర్లు, 1920 నుంచి. 2025 దాకా ఒక్క జపాన్ గుర్రం కూడా గెలవలేదు. జపాన్ గుర్రం ఆర్ఫెవ్ర్ 2012లో గెలుపు దాకా వెళ్ళి ఆఖరి క్షణంలో రెండోదయింది. అందుకే ఏటా జపాన్ నుంచి విమానాల్లో జనం వస్తారు, వాళ్ళను చూడడమే ఒక అనుభవం. లోటు ఏమిటంటే, రేసు ట్రాక్ అవతలి వైపు మొదలై మొదటి సగమంతా చాలా దూరంలో జరుగుతుంది. బైనాక్యులర్స్ లేకుండా వెళ్ళకండి.

పందెం, గాయాలు

అక్కడికి వెళ్ళి కౌంటర్లో పది డాలర్లు కాయడం వేరు, ఇండియాలో కూర్చుని ఫోన్లో విదేశీ సైట్‌లో కాయడం వేరు. రెండోదాన్ని మన దగ్గర చట్టం ఒప్పుకోదు, అందులో డబ్బు పోతే అడిగే దిక్కూ ఉండదు. రోజంతటికీ ఇంత అని ఒక కవర్లో వేరుగా పెట్టుకోండి, అది అయిపోతే ఇక చూడడమే.

ఇంకో విషయం. గుర్రాలకు దెబ్బలు తగులుతాయి, అప్పుడప్పుడు మీ కళ్ళ ముందే. 2020 మెల్‌బోర్న్ కప్‌లో ఆంథొనీ వాన్ డైక్ కాలు విరిగి చనిపోయింది. దాని తర్వాత విదేశాల నుంచి వచ్చే గుర్రాలకు స్కానింగులు తప్పనిసరి చేశారు. 2023లో కెంటకీ డెర్బీ ముందు రోజుల్లో చర్చిల్ డౌన్స్‌లో వరసగా గుర్రాలు చనిపోయాయి, చివరికి ఆ సీజన్ మిగతా రేసుల్ని వేరే ట్రాక్‌కు మార్చారు. మెల్‌బోర్న్‌లో కప్‌ను బహిష్కరించేవాళ్ళూ ఉన్నారు, మా ఆఫీసులోనే ఇద్దరు స్వీప్ చీటీ తీయరు. వాళ్ళది తప్పు అనను. సున్నిత మనసున్న పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఈ సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి, స్టాండ్‌లో కూర్చున్నాక, దెబ్బ తగిలిన గుర్రం కనబడకుండా అడ్డుపెట్టే పచ్చ తెర పట్టుకుని మనుషులు పరుగెత్తేటప్పుడు కాదు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు విమానం టికెట్ కొనే ముందు ఒక పని చేయండి. మలక్‌పేటలో మెట్రో దిగి ఒక మధ్యాహ్నం రేసులు చూసి రండి. రేసుకూ రేసుకూ మధ్య అరగంట గ్యాప్ ఉంటుంది. ఆ అరగంటలో మీ కాళ్ళు వాటంతట అవే పాడాక్ వైపు నడిస్తే టోక్యోకు టికెట్ కొనుక్కోండి. క్యాంటీన్ వైపు నడిస్తే దుబాయ్. ఫోన్ తీసి వాట్సాప్ చూస్తూ కూర్చుంటే మాత్రం ఆ డబ్బుతో ఇంకెక్కడికైనా వెళ్ళండి.